గట్టు మోసిన భుజాలు

గట్టు మీద నువ్వు ఎవరి మాటకు చెవి మూశావు?

ఎవరికీ మూయలేదని తొందరపడి చెప్పకు. నీ పేరు పక్కన చిన్న చెవి బొమ్మ ఉంటుంది. నొక్కి చూడు. నువ్వు వినడం మానేసినవాళ్ళ పేర్లు వస్తాయి. నా జాబితాలో ఉన్నది ఒక్కటే పేరు. తొమ్మిదేళ్ళుగా ఉంది. ఆ సిగ్గు కూడా కలిపి గాలి కాలానికి ముందరి ఈ నెల రోజుల చిట్టాను ఉన్నది ఉన్నట్టు నీ ముందు పెడుతున్నాను. నేను కొక్కిలిగడ్డ జెకర్యాను. మూడో పేటలో తాళ్ళు చూసేవాణ్ణి, ఆదివారం వాక్యం చెప్పేవాణ్ణి, గట్టుకు కావలివాణ్ణి. నాకు బోధ చెయ్యడం ఏ బడీ నేర్పలేదు. నీళ్ళలోంచి తీసిన ఒక గ్రంథం నేర్పింది.

గాలికి 31 రోజులు

పొద్దున్నే పడమటి వరస తాళ్ళు చూశాను. పదకొండు తేలే ఇళ్ళు, నలభై నాలుగు ముళ్ళు. ఒక్క ముడిలో మాత్రం బొటనవేలు మెత్తగా దిగింది. విప్పి కొత్తగా కట్టాను. మంచు వలలు పిండితే రెండు బిందెల నీళ్ళు వచ్చాయి. సూర్య పలకల మీది ఉప్పు కడగడానికి ఒక బిందె కావాలన్నాను. నా భార్య సలోమి గీచి గీచి బేరమాడి సగం బిందె ఇచ్చింది.

తర్వాత తెలిసింది కబురు. నిన్న మధ్యాహ్నం మొదటి పేటవాళ్ళు సుడిగాలి వస్తోంది, పడవలు తిప్పండని గట్టు మీద పెట్టారు. అది నాలుగో పేటకు చేరేసరికి ఐదు గంటలు పట్టింది. అప్పటికే పీతల బుట్టలు తీయడానికి రెండు పడవలు వెళ్ళిపోయాయి. మడ చెట్ల గుబురులో ఇరుక్కోబట్టి నలుగురూ బతికారు.

నేల ఉన్న రోజుల్లో మా తాతలు పని దిగాక కాలువ గట్టు మీద కూర్చుని మాట్లాడుకునేవారట. నేల పోయాక ఆ కబుర్లన్నీ ఒక సర్వర్‌లోకి ఎక్కాయి. పేరు మాత్రం అదే ఉండిపోయింది. హెచ్చరికలు, పెళ్ళి సంబంధాలు, అరువు పనిముట్లు, తిట్లు, ప్రార్థన మనవులు, ఏడు పేటలవాళ్ళవీ అక్కడే. ఆ పెట్టె మా ప్రార్థన పడవలో, నేను నిలబడి బోధించే బల్ల కింద ఉంటుంది. అంతకన్నా పొడి చోటు ఏ పేటలోనూ లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ సాఫ్ట్‌వేర్. రాసినవాళ్ళు లేరు, బాగుచేసేవాళ్ళు అంతకన్నా లేరు.

గాలికి 29 రోజులు

ఐదో పేట నుంచి పారిజాతం వచ్చింది. పేట నుంచి పేటకు కబుర్లు మోసే స్తంభాల ఇంజనీరు. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు దారంతో మెడకు కట్టుకుంటుంది, ఎవరింట్లో టీ ఇచ్చినా కాదనదు. బల్ల కింద చెవి పెట్టి చాలాసేపు విన్నది.

"బాబాయ్, మీ పెట్టె ఊపిరి మీకు వినబడతందా?"

"ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటన్నా."

"అది ఊపిరి కాదు. ఆయాసం."

ఆమె తెచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ పేరు పందిరి. గట్టు ఒక్క పెట్టెలో ఉంది. పందిరి ఏడు పేటల్లో ఏడు పెట్టెలు వేసుకుని ఉంటుంది. ఒకటి మునిగినా ఆరు మాట్లాడుకుంటాయి. హెచ్చరిక రెప్పపాటులో చేరుతుంది. గాలి కాలం వచ్చేముందు స్తంభాలన్నీ దించి పొట్టిగా బిగించాలి కదా, అప్పుడు పెట్టెను ఆపితే ఈసారి మళ్ళీ లేవదని కూడా చెప్పింది.

నేను వాక్యం ఎత్తాను. పెద్దలు పాతిన సరిహద్దు రాయిని కదపవద్దని రాసి ఉందన్నాను.

"కదపొద్దన్నారు గానీ, మునిగిపోయే రాయి మీద కూచోమన్లేదుగా బాబాయ్" అని ఆమె టీ గ్లాసు సలోమికి ఇచ్చింది. సలోమి మళ్ళీ నింపింది. ఆవిడ ఎవరి పక్షమో నాకు అప్పుడే తెలిసింది.

గాలికి 28 రోజులు

ఉత్తుత్తిగా ఒకసారి మార్చి చూద్దామంది పారిజాతం. ప్రార్థన పడవలో తెర కట్టింది. గట్టు కదలాలంటే ఏడు పేటల్లో ఒక్కరు కూడా కాదనకూడదన్నది మొదటి తరం పెట్టిన కట్టుబాటు. అందుకని అన్ని పేటల నుంచీ జనం వచ్చారు. అన్నం ఉడికేంతసేపట్లో ముప్పై ఎనిమిదేళ్ళ మాటలు ఆ తెర మీదికి దాటాయి. తమ పాత పోట్లాటలు కనబడగానే జనం కేకలు వేశారు. నా కాళ్ళ కింద పడవ ఊగింది.

అప్పుడు నాంచారమ్మ లేచింది. రెండో పేట మనిషి. డెబ్బై ఏళ్ళు. రొయ్యలు ఎండబెట్టడంలో ఆమెను మించిన చెయ్యి లేదు, మాటకు మాట అప్పజెప్పడంలో ఆమెను మించిన నోరు లేదు. దేవుళ్ళ విషయంలో ఆమె దారి వేరు, నా దారి వేరు. అయినా ప్రతి ఆదివారం వస్తుంది, వాదించడానికి.

"మా ఆయన్ని చూపిచ్చు" అంది.

మా పేటల్లో ఒక ఆచారం ఉంది. నీళ్ళ మీదికి వెళ్ళేవాడు గట్టు మీద 'బయలుదేరాను' అని రాసి వెళతాడు. తిరిగొచ్చాక తన చేత్తోనే 'చేరాను' అని రాస్తాడు. ఆ మాట వేరొకరు రాయకూడదు. పదకొండేళ్ళ కిందట ఆమె భర్త సుబ్బరాయుడు మొదటి మాట రాసి వెళ్ళాడు. రెండో మాట ఇంకా రాలేదు.

పారిజాతం వెతికి చూపించింది. తెర మీద ఇలా ఉంది:

అతిథి: బయలుదేరాను. మబ్బు పల్చగా ఉంది. సాయంత్రానికి పులుసు పెట్టు.

"ఈ అతిథి ఎవరు?" అంది నాంచారమ్మ.

పారిజాతం కళ్ళద్దాలు తీసింది. కొత్త యంత్రం మనిషి తనంతట తాను వచ్చి, ఇది నేనేనని తన గొంతుతో చెబితేనే పేరు ఇస్తుందట. రాలేనివాళ్ళందరినీ అతిథి అంటుందట.

"ఇరవై రెండేళ్ళు నా చేతి కూడు తిన్నాడు. పులుసులో ఉప్పు తక్కువైతే కంచం తోసేవోడు. అతిథి కంచం తోత్తాడా?"

ఎవరూ నవ్వలేదు. ఆమే కాస్త నవ్వి, కొంగు దులుపుకుని, "నేనొప్పుకోను" అని పడవ దిగిపోయింది.

పారిజాతం లెక్క తీసింది. చనిపోయినవాళ్ళు, తిరిగిరానివాళ్ళు, మొత్తం మూడువందల పన్నెండు మంది. అందరి పేరూ అతిథి. కదిలితే వాళ్ళు పోతారు. కదలకపోతే గాలి కాలంలో బతికున్నవాళ్ళు పోతారు.

గాలికి 26 రోజులు, ఆదివారం

బల్ల గుద్ది మరీ బోధించాను. మందసం కథ ఎత్తుకున్నాను. దావీదు రాజు ముచ్చటపడి ఆ పవిత్రమైన పెట్టెను కొత్త బండి మీద పెట్టించాడు. ఎద్దులు తడబడ్డాయి. పెట్టె ఒరిగింది. పట్టుకుందామని చెయ్యి వేసినవాడు అక్కడికక్కడే కూలాడు. "వింటున్నారా? ఈ పందిరే ఆ కొత్త బండి. తోలేవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, ఎద్దులు బలమైనవే కావచ్చు. పవిత్రమైనదాన్ని కదిపితే చావే." నాకే ఒళ్ళు గగుర్పొడిచింది.

వెనక వరసలోంచి పారిజాతం అడిగింది. "బాబాయ్, తర్వాత ఏమైంది?"

"దేని తర్వాత?"

"ఆయన పడిపోయాక. ఆ పెట్టె అట్లా రోడ్డు మీదే ఉండిపోయిందా?"

పారిజాతం మీద నాకన్నా ఎక్కువ కోపం ఉన్న నాంచారమ్మ కూడా అటు తిరిగింది. "అవునయ్యా, తరవాత? కూరైనా కతైనా సగంలో దించితే ఎట్లా?"

జవాబు నాకు తెలియదు.

నా గ్రంథంలో ఆ చోట నాలుగు పుటలు అంటుకుపోయి ఒక్క రేకులా ఉంటాయి. ఉప్పునీళ్ళు చేసిన పని. ఆ కథే ముందు మరోచోట ఉందంటారు, అక్కడి అచ్చు ఎప్పుడో కొట్టుకుపోయింది. చిరుగుతాయేమోనని భయపడి ఇరవై ఆరేళ్ళుగా ఆ పుటల మీద గోరు పెట్టలేదు. ఆ చోటికి వచ్చినప్పుడల్లా గొంతు పెంచి కథ ముగించేసేవాణ్ణి. గొంతు పెద్దదైతే సగం కథ కూడా పూర్తిగా వినబడుతుంది.

గాలికి 25 రోజులు

పొద్దున గంజి కాగుతుంటే సలోమి చెయ్యి చాపింది. "ఇటియ్యవయ్యా ఆ పుస్తకం."

కుండ మీద పల్చటి గుడ్డ కప్పి, ఆ ఆవిరికి పుటలు చూపించింది. మెత్తబడ్డాక సన్నటి చేప ముల్లు అంచులోకి దూర్చి, పసిబిడ్డ గుప్పిలి విప్పినట్టు విడదీసింది. ఒక్క అక్షరం పోలేదు.

"నీకెవరు నేర్పారు ఇది?"

"ఎవరో చెప్పార్లే" అని గంజి వార్చడానికి వెళ్ళింది.

నేను చదివాను. నిలబడి చదివాను, కూర్చుని చదివాను. పెట్టె రోడ్డు మీద ఉండిపోలేదు. ఒక మామూలు మనిషి ఇంట్లో మూడు నెలలు ఉంది, ఆ ఇల్లు పచ్చగా వర్ధిల్లింది. అప్పుడు రాజుకు తెలిసింది. కదపడం తప్పు కాదు, బండి కట్టడం తప్పు. అది భుజాల మీద, మోతకర్రలతో, మనుషులు మోయవలసిన పెట్టె. ఈసారి మనుషులే మోశారు. తాళాలు, తంబురలు, పాటలు. రాజు వీధిలో గంతులు వేశాడు. వచ్చినవాళ్ళందరికీ ఆడా మగా తేడా లేకుండా రొట్టెలు పంచారు.

ఇరవై ఆరేళ్ళు నేను చావు దగ్గర ఆపిన కథ నాట్యంతో ముగిసింది. పొయ్యి ముందు నేను కూడా ఒక గంతు వేశాను. ఇల్లు ఊగి సగం గంజి ఒలికింది. సలోమి గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది.

గాలికి 24 రోజులు

పారిజాతాన్ని వెంటబెట్టుకుని రెండో పేటకు పడవ వేసుకుని వెళ్ళాను. నాంచారమ్మ అటక మీద రొయ్యలు తిరగేస్తోంది. ముందు క్షమాపణ అడిగాను. తర్వాత కథ మిగతా సగం చెప్పాను. తర్వాత పారిజాతాన్ని అడిగాను, రాలేనివాడి బదులు ఇంకొకరు వచ్చి సాక్ష్యం పలికితే యంత్రం పేరు ఇస్తుందా అని.

పారిజాతం కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఇస్తుంది బాబాయ్. కానీ ఒక మనిషి ఒక్కరికే సాక్ష్యం ఉండగలరు. మోసం జరక్కుండా అట్లా రాశారు. పైగా ఆ మనిషి రాసినవన్నీ మొదట్నించీ చివరిదాకా చదివి, ఒక్కొక్కటీ ఆయనదేనని ఒప్పుకోవాలి. మాటలెక్కువుంటే రెండు మూడు రోజులు పట్టుద్ది."

"మూడొందల పన్నెండు మందికి మూడొందల పన్నెండు భుజాలు" అన్నాను.

నాంచారమ్మ రొయ్యల చేట కింద పెట్టింది. "నేను మా ఆయన్ని మొయ్యను."

మా ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

"తొందరెందుకు, వినండి. నేను మోత్తే ఆయన తిట్లన్నీ తీసేత్తాను. ఏ పెళ్ళామైనా అంతే. మొగుడు పోయాక మంచోడైపోతాడు. అప్పుడక్కడ కూచునేది మా ఆయన కాదు, నేను కుట్టిన బొమ్మ. ఎవురి మనిషిని వాళ్ళు మొయ్యకూడదు. మా ఆయన్ని నువ్వు మొయ్యి జెకర్యా. ఒక్క తిట్టు పోయినా నా చేతిలో అయిపోతావ్."

"మరి నువ్వు ఎవరిని మోస్తావు అక్కా?"

"మీ అన్నని."

మా అన్న ఫిలేమోను. ఆరేళ్ళ కిందట ఐదో పేటలో జ్వరంతో పోయాడు. నా జాబితాలో ఉన్న ఒకే ఒక్క పేరు ఆయనదే. తొమ్మిదేళ్ళ కిందట అందరూ చదివేలా గట్టు మీద నా బోధ సగం బోధ అని రాశాడు. ఆ రోజే చెవి మూశాను. పోయిన రోజు కూడా తెరవలేదు.

"అట్లాగే" అన్నాను. ఇంకేమనగలను?

గాలికి 20 రోజులు

మొదలైంది. ప్రార్థన పడవలో ఎనిమిది తెరలు. మొదటి రోజే అరవై మంది వచ్చారు. మనసులో చదువుకుందామని కూర్చున్నారు గానీ ఎవరూ ఆగలేకపోయారు. ఒకరు పైకి చదవడం మొదలుపెట్టగానే పడవంతా విన్నది. ముప్పై ఏళ్ళ కిందట పోయిన మంత్రసాని దీవెనమ్మ ప్రతి కాన్పు తర్వాతా బిడ్డ బరువుతో పాటు ఆ తండ్రి ఎన్నిసార్లు మూర్ఛపోయాడో కూడా రాసేది. ఆ బిడ్డల్లో నలుగురు అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్ళ తండ్రులు కూడా.

నేను సుబ్బరాయుణ్ణి మోస్తున్నాను. వెయ్యిన్నర మాటలు. సగం వాతావరణం, సగం పులుసు. మధ్యలో పొడుపు కథలున్నాయి. వాటిలో కొన్ని ఆదివారం నోట పలకలేనివి. పక్కనే నాంచారమ్మ కూర్చుని ఉంది, అందుకని అన్నీ పలికాను. సలోమి నన్ను చూసి నవ్వాపుకోలేక పలకలు తుడుస్తానని బయటికి వెళ్ళింది. ఈసారి బిందెడు నీళ్ళూ తీసుకెళ్ళింది.

గాలికి 17 రోజులు

ఈ రోజు సుబ్బరాయుడి చివరి మాటకు వచ్చాను. మబ్బు పల్చగా ఉంది. పులుసు పెట్టు. ఇది ఆయనదేనని పలికాను. తెర ఒక్క క్షణం ఆలోచించి 'అతిథి' అన్న మాట తీసేసింది. ఆ చోట నాగిడి సుబ్బరాయుడు అని వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో, మోసినది జెకర్యా.

నాంచారమ్మ తెర దగ్గరికి జరిగింది. వేలితో ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కుతూ దాని కింద రాసింది: పులుసు పెట్టాను. ఉప్పు నువ్వే చూసుకో.

పందిరి మీద ఆమె రాసిన మొదటి మాట అది. రాసి, "ఇప్పుడు కదపండి మీ గట్టుని. నేనొప్పుకున్నా" అంది. అప్పటికి కాదన్నది ఆమె ఒక్కతే. ఏడు పేటల గంటలూ ఒకేసారి మోగాయి. చేపలు ఎటు పోయాయో పాపం.

గాలికి 9 రోజులు

రెండువందల నలభై మంది పందిరి మీదికి దాటారు. భోజనాలు కూడా ప్రార్థన పడవలోనే. నాలుగో పేటవాళ్ళు పీతలు తెస్తారు. మడ చెట్లలో ఇరుక్కుని బతికిన ఆ నలుగురే వండుతారు. హెచ్చరిక ఆలస్యమైతే ఏమవుతుందో వాళ్ళకు ఎవరూ బోధించనక్కరలేదు.

నాంచారమ్మ మా అన్న మాటలు చదవడం మొదలుపెట్టి మూడు రోజులైంది. అందరూ వచ్చాకే చదువుతుంది, నా వైపు చూస్తూ మరీ. "మా జెకర్యాగాడు ఈవేళ కూడా బల్ల గుద్దాడు. వాక్యం కన్నా బల్ల ఎక్కువ మారుమనస్సు పొందింది." పడవంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. బాగా రాశాడు, ఎంత కాదన్నా.

ఈ రోజు ఆమె గొంతు కాస్త తగ్గింది. "ఇది నువ్వు చెవి మూసేసిన తరవాతిది" అని చదివింది.

"తమ్ముడు వినడం లేదని తెలుసు. అయినా రాస్తున్నా. నువ్వు సగం కథ చెబుతున్నావురా. మిగతా సగం నీ పుటల్లోనే ఉంది, అంటుకుపోయి ఉంది. గంజి ఆవిరికి పెట్టు. గోరు పెట్టకు, చేప ముల్లు పెట్టు. సలోమీ, నువ్వైనా చదువుతున్నావా?"

నేను సలోమి వైపు చూశాను. సలోమి పీతల గిన్నె వైపు చూసింది.

"ఇన్నేళ్ళూ తెలిసి కూడా నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగందే ఎట్లా చెప్తానయ్యా? మొన్న ఆ పిల్ల అడిగేదాకా నువ్వెప్పుడన్నా తరవాతేమైందీ అన్నావా?"

నాంచారమ్మ ఇంకొకటి చదివింది, మా అన్న చివరిది. "ఈవేళ వాడి బోధ పర్వాలేదు. వాడికి మాత్రం చెప్పొద్దు."

లేచి తెర దగ్గరికి వెళ్ళి పాత గట్టు తెరిచాను. చెవి బొమ్మ నొక్కి మా అన్న పేరు తీసేశాను. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. రెంటికీ ఒకే గుడ్డ వాడాను. పారిజాతం భుజం తట్టి చెప్పింది, ఈ చెవిమూతలు పందిరికి రావట. ఆ జాబితాలు మోయడానికి ఎవరూ దొరకలేదట.

గాలికి 3 రోజులు, ఈ రోజు

ఇక నీతో.

గట్టు మీద ఇది నా చివరి మాట. రేపు పొద్దున్నే స్తంభాలు దించుతారు. ఈ సాయంత్రం పోటు నీళ్ళు ప్రార్థన పడవ కట్టిన రేవు మూడో మెట్టు ఎక్కగానే పారిజాతం పెట్టె తీగ పీకుతుంది. ఆ తర్వాత పాత పెట్టె ఇక మాట్లాడదు.

రెండువందల తొంభై అయిదు మంది దాటారు. పదిహేడు మంది ఇంకా ఈ ఒడ్డునే ఉన్నారు. వాళ్ళకోసం అడిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆరో పేటలో పన్నెండేళ్ళపాటు ఏటా వచ్చే కొంగలు లెక్కపెట్టి రాసిన సువార్తమ్మ ఉంది. అందరి గడియారాలూ బాగుచేసి, ఆలస్యమైందని అందరి చేతా తిట్లు తిన్న వీరాస్వామి ఉన్నాడు. బతుకంతటిలో గట్టు మీద 'బాగుంది' అని ఒక్కటే మాట రాసినవాడొకడు ఉన్నాడు. వాణ్ణి మోయడానికి రెప్పపాటు చాలు. మిగిలినవాళ్ళవీ తక్కువ మాటలే, ఒక్క పూటలో అయిపోతాయి.

వాళ్ళను నేను మోయలేను. నా భుజం మీద సుబ్బరాయుడు ఉన్నాడు. నాంచారమ్మ భుజం మీద మా అన్న ఉన్నాడు. సలోమి, పారిజాతం, ఆ నలుగురు పీతలవాళ్ళు, వచ్చినవాళ్ళందరి భుజాలూ నిండిపోయాయి. ఒక మనిషికి ఒక్కరే. ఇది చదువుతున్నావంటే నువ్వింకా రాలేదనే కదా అర్థం. నీ భుజం ఖాళీగా ఉంది.

నీకు గబగబా చదవడం రాకపోతే చదివిపెట్టేవాళ్ళు ఉన్నారు. నీకు దేవుడు లేకపోయినా, వేరే దేవుడున్నా, నాంచారమ్మ పక్కన చోటు ఉంది. మాతో పోట్లాడి చెవి మూసినవాడివైతే మరీ ముందు రా, నీకోసం పీతల పులుసు పక్కన పెట్టించాను.

చేతిలో పని అక్కడే వదిలెయ్. 'బయలుదేరాను' అని రాసి పడవ విప్పు. 'చేరాను' అని పందిరి మీద రాద్దువుగాని. నీళ్ళు ఇప్పటికే మొదటి మెట్టు తాకాయి. రా.